లెక్కకు రాని సర్వీసు

మా అమ్మమ్మ దగ్గర ఒక నల్ల ట్రంకుపెట్టె ఉండేది. మూత మీద తెల్లరంగుతో రాసిన తాతయ్య మిలిటరీ నెంబరు సగం చెరిగిపోయి కనిపించేది. అందులో రెండు పట్టుచీరలు, కౌలు కాగితాలు, అన్నిటికన్నా అడుగున ఆయిల్ క్లాత్‌లో చుట్టిపెట్టిన తాతయ్య డిశ్చార్జి బుక్కు ఉండేవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆ పెట్టెను తాడుతో దూలానికి కట్టి, పిల్లల్ని చంకనేసుకుని డాబా ఉన్న ఇంటికి పరుగెత్తారట. పెట్టె దక్కింది గానీ పుస్తకం తడిసింది. చాలా పేజీల్లో సిరా మరకలై పోయింది. ఒక గడి మాత్రం చక్కగా చదవడానికి మిగిలింది. 'దగ్గరి బంధువు' అనే ఆ గడిలో 'తల్లి, నాంచారమ్మ' అని ఉంది.

2003లో అమ్మమ్మ ఆ పుస్తకం పట్టుకుని విజయవాడ వచ్చింది. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇంగ్లీషు కాగితం చదవగలిగిన మనిషి ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి వెంట తీసుకెళ్ళింది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పింఛను లేకుండా ఇంటికి వచ్చినవాళ్ళకీ, వాళ్ళ భార్యలకీ రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా కొంత సహాయం ఇస్తుందని ఊళ్ళో ఎవరో చెప్పారు. తాతయ్య పోయి అప్పటికి పన్నెండేళ్ళు. మేం వెళ్ళిన కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. అక్కడి గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు. పుస్తకం తిప్పి చూసి, రేషన్ కార్డు చూసి, "మామ్మగారూ, ఇందులో నాంచారమ్మ అని ఉంది. మీరేమో సీతారావమ్మ. మీరు ఆయనకి భార్య అని ఎక్కడా లేదే!" అన్నాడు.

అమ్మమ్మ నవ్వింది. "నా పేరూ నాంచారమ్మేనయ్యా" అంది.

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు నాంచారమ్మ. ఆమె అత్తగారి పేరూ అదే. అత్త పేరున్న కోడల్ని పిలవాలన్నా తిట్టాలన్నా ఇబ్బంది. అందుకని పెళ్ళినాడే పేరు మార్చి సీతారావమ్మ అన్నారు. మన వైపు ఇది చాలా ఇళ్ళల్లో జరిగిన పనే. మార్చేముందు ఆ పిల్లని ఎవరూ అడగలేదు. అమ్మమ్మకప్పుడు పదమూడేళ్ళు. శారదా చట్టం వచ్చి పుష్కరం దాటినా మా ఊరి పందిళ్ళ దాకా అది రాలేదు. పెళ్ళయిన మూడో నెలలో, ఇంకా కాపురానికి రాకముందే, తాతయ్య పట్టాళంలో చేరాడు. అది 1942. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. చేర్చుకునేవాళ్ళు నీ మనిషి ఎవరని అడిగితే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు అమ్మ పేరే చెప్పాడు. భార్య ఇంకా ఆ ఇంటి మనిషి కాలేదు మరి.

బయటికి రాగానే మెట్ల దగ్గర ఒకాయన ఉపాయం చెప్పాడు. తల్లి అన్నచోట చిన్న దిద్దుబాటు చేసి భార్య అని రాస్తే సరిపోతుందనీ, పేరు ఎలాగూ కలిసిందనీ అన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఆవిడ పేరు మీద నన్ను తిట్టకూడదని నా పేరే తీసేశారు. ఇప్పుడు ఆవిడ పేరు కొట్టేసి నేను తింటానా?" అంది. మేం బస్సెక్కి ఇంటికి వచ్చేశాం.

తర్వాత నేను సాహిత్యంలో పరిశోధన చేశాను. తెలుగు వచనంలో వితంతువు గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. అయినా సైన్యం పింఛను నిబంధనల్ని చదవాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. చదవడం మొదలుపెట్టాక, ఒక స్త్రీని ఏ లెక్కన భార్య అనాలో, ఏ లెక్కన సైనికురాలు అనాలో, ఏ లెక్కన తల్లి అనాలో తేల్చే పెద్ద గ్రంథం అదేననిపించింది. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

*

ముందు తాతయ్యకు పింఛను ఎందుకు రాలేదో చూద్దాం.

మన దేశపు సైన్యంలో దశాబ్దాలుగా నడుస్తున్న నియమం ప్రకారం మామూలు జవానుకు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఆఫీసరుకు 20 ఏళ్ళు. అంతకు తగ్గితే ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీతో సరి. కొద్ది నెలల కొరతను మాఫీ చేసే వెసులుబాటు ఉంది గానీ, ఏళ్ళ కొరతను ఎవరూ మాఫీ చెయ్యరు. తాతయ్య సర్వీసు నాలుగేళ్ళు చిల్లర.

ఆ నాలుగేళ్ళూ ఆయన ఎంచుకున్నవి కావు. తెలుగువాళ్ళకీ సైన్యానికీ ఉన్న సంబంధం ఎప్పుడూ అవతలివాళ్ళ అవసరాన్ని బట్టే నడిచింది. 1759లో ఈస్టిండియా కంపెనీ ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి బందరు కోటను గెలిచినప్పటి నుంచి వంద సంవత్సరాలకు పైగా మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం పట్టుకుని దక్షిణాది వాళ్ళని పక్కన పెట్టారు. తెలుగువాళ్ళని చేర్చుకోవడం దాదాపు ఆపేశారు. మళ్ళీ ప్రపంచ యుద్ధాలు రాగానే ఆ సిద్ధాంతం మూలకుపోయింది. రెండో యుద్ధంలో భారత సైన్యం సుమారు 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. మనకు పక్కనే పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని ఇప్పటికీ 'మిలిటరీ మాధవరం' అనే అంటారు. యుద్ధం ముగిశాక ఆ లక్షల మందిని ఇంటికి పంపేశారు. పదిహేనేళ్ళు ఉంటామన్నా ఉంచుకునేవాళ్ళు లేరు.

అంటే సర్వీసు ఎంతకాలం చేయించుకోవాలో ప్రభుత్వమే నిర్ణయించింది. ఆ కాలం చాలలేదు కాబట్టి పింఛను లేదని చెప్పిందీ ప్రభుత్వమే. ఈ తర్కాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. సైన్యంలో చేరిన ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇదే మళ్ళీ కనిపిస్తుంది.

ఆ నాలుగేళ్ళూ ఇక్కడ ఏం జరిగింది? మనియార్డర్లు అత్తగారి పేరున వచ్చేవి. మామగారు మంచాన పడ్డాక అత్తగారు కబురు పెట్టి, పద్నాలుగేళ్ళ కోడల్ని భర్త లేని కాపురానికి తెచ్చుకుంది. ఊడ్పులు, కుప్పనూర్పిళ్ళు, గేదెల పని, మామగారి మంచం పని అన్నీ ఆమె మీదే పడ్డాయి. తాతయ్య 1946లో తిరిగొచ్చాడు. పొలం బీడు పడకుండా, అప్పు పెరగకుండా, మనుషులు చెదిరిపోకుండా ఒక ఇల్లు ఉంది కాబట్టే తిరిగి రావడానికి ఆయనకొక చోటు ఉంది. ఆ చోటును నిలబెట్టిన పనికి ఏ పుస్తకంలోనూ గడి లేదు.

ఇది మా అమ్మమ్మ ఒక్కదాని కథ కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ సర్వీసు చేసి నలభై లోపే ఇంటికొచ్చే జవాను ఇవాళ కూడా మన ఊళ్ళల్లో ఉన్నాడు. అతని భార్య ఆ పదిహేడేళ్ళలో ఎక్కువ భాగం అత్తవారింట్లోనో పుట్టింట్లోనో ఒంటరిగా గడుపుతుంది. ఒకవేళ అతని వెంట వెళ్తే రెండు మూడేళ్ళకోసారి ఊరు మారుతుంది, ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. సైన్యానికి ఎక్కడికైనా ఎప్పుడైనా పంపగలిగిన మగవాడు కావాలి. ఆ మగవాణ్ణి తయారుచేసి ఇచ్చేది భార్య చేసే చాకిరీ.

*

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పింఛను అనేది యజమాని దయ తలచి ఇచ్చే భిక్ష కాదనీ, చేసిన పనికి దక్కే హక్కనీ చెప్పింది. రిటైరైన తేదీని బట్టి పింఛనుదారుల్ని రెండు తరగతులుగా విడదీయడం చెల్లదంది. పింఛనుదార్లు ఇప్పటికీ ఆ తేదీని పండగలా జరుపుకుంటారు.

ఈ మాట భార్యకు కూడా వర్తిస్తుందా అన్నది నా ప్రశ్న. పింఛను చేసిన పనికి దక్కే హక్కయితే, కుటుంబ పింఛను ఎవరు చేసిన పనికి?

నిబంధనలు మాత్రం దాన్ని ఆమె హక్కుగా చూడలేదు. సాధారణ కుటుంబ పింఛను పథకం మొదలైందే 1964లో. అంతకుముందు పోయినవాళ్ళ భార్యలు బయటే ఉండిపోయారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వితంతువుల్లో అలా మిగిలిపోయినవాళ్ళకి ఆ హక్కు దక్కడానికి 1985లో పూనమల్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. సైనికుడి భార్య విషయంలో ఇంకో లెక్క ఉంది. భర్త మామూలు జబ్బుతో పోతే చివరి జీతంలో 30 శాతం సాధారణ కుటుంబ పింఛను. మొదటి కొన్నేళ్ళు దాన్ని పెంచి ఇస్తారు. డ్యూటీ కారణంగా పోయాడని తేలితే 60 శాతం. యుద్ధంలో శత్రువు చేతిలో పోతే 100 శాతం. దేశం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాడి కుటుంబానికి ఎక్కువ ఇవ్వడంలో ఒక న్యాయం ఉంది, కాదనను. కానీ ఆమె చేసిన సర్వీసు మూడు సందర్భాల్లోనూ ఒకటే. మంచు జారి పడి పోయాడా, గుండె ఆగి పోయాడా అని కాగితాలు తేల్చే లోపల ఆమె బియ్యం ధర మారదు. అతని చావు ఏ రకమో నిరూపించే బరువు చాలాసార్లు ఆమె మీదే పడుతుంది.

ఇక పునర్వివాహం దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళకి ఈ మాట వినగానే వీరేశలింగం, 1881 డిసెంబరు 11, రాజమండ్రి గుర్తొస్తాయి. ఆ పెళ్ళికి చట్టబలం ఇచ్చింది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. పాఠ్యపుస్తకాల్లో దాన్ని గొప్పగా చెప్తారు. దాని రెండో సెక్షను గురించి ఎవరూ చెప్పరు. మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తిలో ఉన్న హక్కులన్నీ పోతాయని ఆ సెక్షను చెప్పింది. పెళ్ళి చేసుకోవచ్చు, కానీ చేతులూపుకుంటూ వెళ్ళాలన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక రాసిన పింఛను నిబంధనల్లోనూ అదే సూత్రం కొనసాగింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పింఛను ఆగిపోతుంది.

దీనికి సైన్యంలో ఒక మినహాయింపు ఉండేది. చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే ఫరవాలేదు. శౌర్య పతకాలతో వచ్చే నెలవారీ భత్యం విషయంలో ఈ షరతు 2017 నవంబరు దాకా ఉంది. ఆ నెల 16న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చి దాన్ని తీసేసింది. 2017 అంటే నిన్నమొన్నటి మాట. వీరచక్ర పొందినవాడి భార్య బయటి మనిషిని చేసుకుంటే భత్యం పోతుంది, మరిదిని చేసుకుంటే ఉంటుంది. పంజాబ్, హర్యానా వైపు వితంతువును మరిదికిచ్చి చేసే ఆచారం ఉంది. పొలం చీలకుండా, మనిషి చెయ్యి దాటిపోకుండా చేసుకున్న ఏర్పాటది. దాన్ని ఢిల్లీలో కూర్చుని దేశమంతటికీ రూలు చేశారు. వదినంటే తల్లి తర్వాత తల్లి అని చెప్పుకునే కృష్ణా జిల్లా ఇంట్లో ఆ కాగితం చదివితే ఎలా ఉంటుంది? నా అభ్యంతరం ఆచారం మీద కాదు. ఇష్టపడి చేసుకున్నవాళ్ళని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ డబ్బు ఆ ఇంటిదీ, మనిషీ ఆ ఇంటిదే, రెండూ గడప దాటకూడదు అన్న లెక్క ఉంది చూశారా, అది రాజ్యం నోటి నుంచి వచ్చింది.

2006 నుంచి వర్తించేలా కొంత మార్పు వచ్చింది. పిల్లలు లేని వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఆమె సొంత ఆదాయం కనీస కుటుంబ పింఛను కన్నా తక్కువుంటే పింఛను కొనసాగుతుంది. మంచిదే. అయినా అది ఆమె పేదరికాన్ని చూసి ఇచ్చేదే గానీ ఆమె సర్వీసును చూసి ఇచ్చేది కాదు. ఆమె బతికిన ఆ ఒంటరి సంవత్సరాలు రెండో పెళ్ళితో చెరిగిపోతాయా? మగవాడు భార్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అతని సర్వీసు పింఛను ఒక్క రూపాయి తగ్గదు. ఎందుకంటే అది అతను సంపాదించుకున్నది. ఆమెది మాత్రం అతని ద్వారా వచ్చినది. తేడా అంతా ఇక్కడే ఉంది.

*

భార్యగా కాక సైనికురాలిగా వెళ్ళినవాళ్ళ సంగతి చూద్దాం. అక్కడ కనీసం మన సర్వీసు మనదే కదా!

రెండో యుద్ధకాలంలో, 1942లో, మహిళల సహాయక దళం ఒకటి పెట్టారు. గుమాస్తా పనులు, టెలిఫోన్లు, సంకేతాల పనులు చేయించుకుని యుద్ధం అయిపోగానే దాన్ని మూసేశారు. వాళ్ళదీ మా తాతయ్య కథే. దానికన్నా పాతది సైనిక నర్సుల సర్వీసు. నర్సులు లేకుండా ఏ సైన్యమూ లేదు కాబట్టి వాళ్ళని మూసెయ్యలేరు. కానీ వాళ్ళకింకో గేటు పెట్టారు. 1977 నాటి ఒక సైనిక ఉత్తర్వు ప్రకారం నర్సింగ్ ఆఫీసరు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం తీసెయ్యవచ్చు. లెఫ్టినెంట్ సెలీనా జాన్‌ని 1988లో అలాగే ఇంటికి పంపారు. ఆవిడ పెళ్ళి చేసుకున్నది ఒక సైనికాధికారినే. అతని ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ ఉత్తర్వును 1995లో ఉపసంహరించుకున్నారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది లింగ వివక్షేనని తేల్చి ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. మధ్యలో గడిచినవి 36 సంవత్సరాలు. పింఛనుకు సరిపడే సర్వీసు చేసి రిటైరవ్వాల్సిన కాలమంతా కోర్టులోనే పోయింది.

వైద్య, నర్సింగ్ విభాగాలు కాక మిగతా విభాగాల్లోకి ఆడవాళ్ళని ఆఫీసర్లుగా తీసుకోవడం 1992లో మొదలైంది. మొదట అయిదేళ్ళకి అన్నారు. తర్వాత పెంచుకుంటూ పోయి 14 ఏళ్ళ దగ్గర ఆపారు. పింఛనుకు కావలసింది 20 ఏళ్ళు. షార్ట్ సర్వీసులో చేరిన మగ ఆఫీసరు కూడా 14 ఏళ్ళకి వెళ్ళిపోతే పింఛను లేదు, నిజమే. కానీ అతను మధ్యలో పర్మనెంట్ కమిషన్ అడగవచ్చు. చాలాకాలం చాలా విభాగాల్లో ఆ తలుపు ఆడవాళ్ళకి లేదు. తాతయ్యకు వర్తించిన తర్కమే ఇక్కడా వర్తించింది. నువ్వు ఇరవై ఏళ్ళు ఉండకూడదు, ఇరవై ఏళ్ళు ఉండలేదు కాబట్టి పింఛను లేదు.

వాళ్ళు 2003 నుంచి కోర్టుల చుట్టూ తిరిగారు. 2010లో ఢిల్లీ హైకోర్టులో గెలిచారు. ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళింది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు ఆర్మీలో మహిళా ఆఫీసర్లందరినీ పర్మనెంట్ కమిషన్‌కు పరిశీలించమంది. 14 ఏళ్ళు దాటి ఎంపిక కానివాళ్ళని 20 ఏళ్ళు పూర్తయ్యేదాకా ఉంచి పింఛను ఇమ్మంది. మరుసటి నెలలో నౌకాదళం విషయంలోనూ అలాంటి తీర్పే వచ్చింది. 2022 నవంబరు 16న వైమానిక దళంలోంచి అప్పటికే బయటికొచ్చేసిన 32 మంది మహిళా ఆఫీసర్లను 20 ఏళ్ళు పూర్తి చేసినట్టే భావించి పింఛనుకు పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ 2020 కేసులో ప్రభుత్వం వినిపించిన వాదనల్లో ఒకటి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళనీ, ఆడ ఆఫీసరు ఆజ్ఞలు తీసుకోవడానికి వాళ్ళ మనసులు ఇంకా సిద్ధంగా లేవనీ ఆ వాదన. మా పల్లెటూరు నాకు తెలుసు. అక్కడ ఊడ్పుల రోజున ముఠా మేస్త్రి ఆడమనిషి. గట్టు మీద నిలబడి ముప్పై మందిని నడిపిస్తుంది, కూలి రేటు మాట్లాడుతుంది. రైతు ఆమె మాట వింటాడు. పల్లెటూరి మగవాడికి ఆడదాని ఆజ్ఞ కొత్త కాదు. దాన్ని కాగితం మీద హోదాగా ఒప్పుకోవడమే పైవాళ్ళకి కొత్త. ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆ నెపం పల్లెటూరి మీద పెట్టి నడిపించారు. సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

*

ఇదంతా విని డబ్బెక్కడిదని అడిగేవాళ్ళుంటారు. అది అడగాల్సిన ప్రశ్నే. 2025-26 బడ్జెట్లో రక్షణ శాఖకు కేటాయించిన 6.81 లక్షల కోట్లలో పింఛన్ల వాటా సుమారు 1.61 లక్షల కోట్లు. ఒకే ర్యాంకుకు ఒకే పింఛను కోసం మాజీ సైనికులు 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర దీక్షకు కూర్చున్నారు. ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చి 2014 జూలై 1 నుంచి అమలైంది. దాంతో ఖర్చు పెరిగింది. సైన్యం వయసు తగ్గాలనీ, జవాన్ల సర్వీసును కుదించాలనీ కార్గిల్ యుద్ధం తర్వాత వేసిన సమీక్షా సంఘం కూడా చెప్పింది. ఈ కారణాల్లో నిజం లేదని నేననను.

అయితే ఆ భారాన్ని తగ్గించుకోవడానికి ఎంచుకున్న దారి చూడండి. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. సర్వీసు నాలుగేళ్ళు. నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్ళకి సుమారు 11.71 లక్షల సేవానిధి, అందులో సగం వాళ్ళ జీతంలోంచి కోసుకున్నదే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్ స్టేషన్లో మంటలు లేచాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రవాడు పోయాడు. 1942లో యుద్ధం వచ్చింది కాబట్టి నాలుగేళ్ళ సిపాయి కావలసి వచ్చాడు. ఇప్పుడు నాలుగేళ్ళన్నదే పద్ధతి అయింది.

అగ్నివీరులు పెళ్ళి కానివాళ్ళై ఉండాలి. ఆ నాలుగేళ్ళలో పెళ్ళి చేసుకోకూడదు. అంటే పింఛను అడగడానికి భార్యే ఉండదు. మరి పోతే ఎవరు అడుగుతారు? తల్లి అడుగుతుంది. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మరణించిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రవాడు, అగ్నివీరుడు. బీమా, ఎక్స్‌గ్రేషియా అందరికీ ఉన్నట్టే అతని కుటుంబానికీ ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వమూ సహాయం ప్రకటించింది. నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఈ పథకంలో లేదు. అదే కందకంలో, అదే తూటాకు పోయిన రెగ్యులర్ జవాను కుటుంబానికి ఉంది. ఈ తేడా ఏమిటని అతని తల్లి 2025లో బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది. ఒక లంబాడీ తల్లి దేశపు సైన్యాన్ని సమానత్వం గురించి అడుగుతోంది. మన స్త్రీవాద చర్చల్లో ఆ ప్రశ్నకి చోటుండాలని నా కోరిక.

తల్లి హక్కు గురించి మాట్లాడితే భార్య హక్కుకు ఎసరు పెడుతున్నారని కొందరు భయపడతారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. వీరమరణాల తర్వాత అత్తాకోడళ్ళ మధ్య డబ్బు తగాదాలు పేపర్లకెక్కడం, అందరూ కోడలి నడత మీద తీర్పులివ్వడం మనం చూస్తూనే ఉన్నాం. 2020 జూన్‌లో గల్వాన్‌లో మరణించిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం భార్యకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి అని విడివిడిగా ప్రకటించింది. మొత్తం సంగతి పక్కన పెడితే, ఆ పద్ధతిలో ఒక వివేకం ఉంది. ఇద్దరిలో ఒకరినే హక్కుదారుగా పెట్టే గడి ఉన్నంతకాలం ఇద్దరు ఆడవాళ్ళు ఆ గడి కోసం కొట్టుకోవాల్సిందే. గడిని రెండు చెయ్యడం ప్రభుత్వం చేతిలో పని.

నియమాన్ని మనుషుల బతుకును బట్టి మార్చవచ్చనడానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. స్వాతంత్ర్య సమరయోధుల కేంద్ర పింఛనుకు కనీసం ఆరు నెలల జైలు శిక్ష ఉండాలి. స్త్రీలకూ, దళితులకూ, ఆదివాసులకూ మూడు నెలలు చాలు. ఇంటిని వదిలి జైలుకు పోవడం ఆడదానికి ఎంత కష్టమో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఉంటారు. మూడు నెలలంటే ఆమె త్యాగం సగమని కాదు. ఆమె కొలత వేరు. పదిహేను, ఇరవై అన్న అంకెలు కూడా ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. పని చేసిన కాలాన్ని బట్టి దామాషాగా పింఛను ఇవ్వవచ్చు. మళ్ళీ పెళ్ళితో సంబంధం లేకుండా భార్యకు ఆమె వాటా ఉంచవచ్చు. పోయిన అగ్నివీరుడి తల్లికి రెగ్యులర్ జవాను కుటుంబానికి ఇచ్చినట్టే ఇవ్వవచ్చు.

*

అమ్మమ్మకు ఆ సహాయం చివరికి వచ్చింది. మొదటిసారి వెళ్ళిన మూడేళ్ళ తర్వాత వచ్చింది. నోటరీ అఫిడవిట్, ఎమ్మార్వో సర్టిఫికెట్, ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళ సాక్ష్యం కావలసి వచ్చాయి. సాక్ష్యం చెప్పినవాళ్ళు ఇద్దరూ మగవాళ్ళే. ఆమె పెళ్ళికి వచ్చి భోజనం చేసిన ముసలమ్మలు ఊళ్ళో నలుగురు బతికే ఉన్నారు, వాళ్ళని ఎవరూ అడగలేదు. బ్యాంకు పాస్ బుక్కు మీద 'నాంచారమ్మ ఉరఫ్ సీతారావమ్మ' అని రాశారు. నేను చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

ఆ డబ్బుతో ఆమె ఏం చేసేదంటే, మందులు కొనుక్కునేది, మిగిలింది చీటీ కట్టేది. నా పీహెచ్‌డీ మొదటి సంవత్సరం హాస్టల్ ఫీజు ఆ చీటీ పాటలోంచే వచ్చింది. 2012లో పోయింది. పోయేముందు నేనొకసారి, "తాతయ్య సర్వీసు నాలుగేళ్ళే కదా, నీకెంత సర్వీసుంది అమ్మమ్మా?" అని నవ్వులాటకి అడిగాను. ఆమె నవ్వులాట అనుకోలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మామగారి మంచం నాలుగేళ్ళు, అత్తగారిది రెండేళ్ళు, ఆరు కాన్పులు, ఉప్పెన తర్వాత ఇల్లు కట్టుకోవడం, తాతయ్య పక్షవాతం ఏడేళ్ళు. మధ్యలో ఎక్కడో లెక్క తప్పి ఆపేసింది.

"రాసుకో, రేపెప్పుడన్నా అడుగుతారేమో" అంది.